ప్రపంచమంతా మలంచాకు వచ్చిన రోజు

రైల్వేలో పదవీ విరమణ చేసిన తరువాత నేను చేసిన రెండవ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ కొంచెం ఆలోచించుకుని జవాబు చెబుతాను. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద ఒక మేడ పై అంతస్తులో కూర్చుని, ఒక క్రిప్టోకరెన్సీని నడిపే కంప్యూటర్లు ప్రపంచం మొత్తం మీద ఎన్ని ఉన్నాయో, ఏ దేశంలో ఎన్ని ఉన్నాయో అంచనా వేయడం నా పని. ఈ మాట చెప్పగానే మా బంధువులు మర్యాదగా తల ఊపి, పెన్షన్ సరిగా వస్తోందా అని అడుగుతారు.

ఇటువంటి పనుల్లోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. వారికి పనికి రావచ్చునన్న ఉద్దేశంతో ఆ ఉద్యోగంలోని ఒక ఘట్టాన్ని ఇక్కడ రాస్తున్నాను. పనికి రాకపోయినా నష్టం లేదు. జరిగినది జరిగినట్టు రాస్తాను.

మా తండ్రిగారు వర్క్‌షాపులో ఖలాసీగా చేరి ఫిట్టరుగా విరమించారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. వ్యాగన్ల ఆచూకీ తీసే విభాగంలో గుమాస్తాగా చేరి అక్కడే విరమించాను. బొగ్గుతో బయలుదేరిన వ్యాగన్ గమ్యం చేరకపోతే, అది ఏ స్టేషనులో ఏ లైను మీద నిలిచిపోయిందో కనిపెట్టడం మా పని. ప్రతి ఉదయం ఒక పట్టిక పై అధికారులకు వెళ్ళాలి. ఆ పట్టికలో ఖాళీ గడి ఉండకూడదన్నది మా విభాగపు మొదటి నియమం. వ్యాగన్ ఎక్కడుందో తెలియకపోతే, తెలిసేవరకు దాని ఎదురుగా "ఖరగ్‌పూర్ యార్డు" అని రాసేవాళ్ళం. ఈ ఆచారం ఎవరు పెట్టారో నాకు తెలియదు గాని, అందులో లోకజ్ఞానం ఉంది. మా యార్డు ఎంత పెద్దదంటే, ఫలానా వ్యాగన్ అక్కడ లేదని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. సందేహం వచ్చిన అధికారి ఎండలో ఆ చివరిదాకా నడిచి చూసి రావాలి. అంత సందేహం వచ్చిన అధికారిని నా సర్వీసులో చూడలేదు.

ఈ ఆచారాన్ని పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలని మనవి.

ఆ విభాగానికి అధికారిగా ఉండి, నాకంటే ముందే విరమించిన బెంగాలీ పెద్దమనిషిని మేమందరం దాదా అనేవాళ్ళం. ఆయన నన్ను "మోశాయ్" అని పిలిచేవారు, మనం "అయ్యా" అన్నట్టు. ఒక పెళ్ళి విందులో ఆయన పక్కన కోల్‌కతాకు చెందిన ఒక సంస్థ యజమాని కూర్చున్నాడు. ఫలానా క్రిప్టోకరెన్సీ నెట్‌వర్క్ నిజంగా ఎంత పెద్దదో, ఏయే దేశాల్లో ఎంత వ్యాపించిందో తేల్చి చెప్పే నివేదిక ఆ సంస్థకు కావాలి. చేపల కూర వడ్డించేసరికి సంభాషణ మొదలైంది. మిఠాయి వచ్చేసరికి పని దాదా చేతికి వచ్చింది.

"మోశాయ్, ఇది వ్యాగన్ల పనే," అన్నారు నన్ను పిలిపించి. "ఒక్కొక్క కంప్యూటరుకు కొన్ని పొరుగు కంప్యూటర్ల చిరునామాలు తెలిసి ఉంటాయట. ఒకదాన్ని అడిగితే పొరుగువాటిని చెబుతుంది. వాటిని అడిగితే వాటి పొరుగువాటిని చెబుతాయి. కప్లింగ్ తరువాత కప్లింగ్ పట్టుకుని గూడ్సు రేక్ చివరిదాకా పోవడమే."

"రేక్ చివర గార్డు ఉంటాడు దాదా. దీని చివర?"

"అక్కడికి వెళ్ళాక చూద్దాం."

అడిగినా పలకని కంప్యూటర్లు కూడా ఉంటాయి. వాటిని లెక్కించడానికి ఉదయం ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు తిరిగి, రెండు సార్లూ కనబడినవి ఎన్నో చూసి, అసలు కనబడనివి ఎన్నో ఊహించాలి. గోల్‌బజార్ చేపల మార్కెట్లో ఉదయం చూసిన ముఖాలలో ఎన్ని సాయంత్రం మళ్ళీ కనబడ్డాయో చూసి, ఊళ్ళో చేపలు తినేవాళ్ళు ఎంతమందో అంచనా వేయడం వంటిది. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఇప్పటికీ దాని మీద నాకు గౌరవం ఉంది.

ఈ లెక్క చేసే ప్రోగ్రాం రాసిన కుర్రవాడు హైదరాబాదులో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. పట్టికలో ఖాళీ గడి కనబడకూడదని దాదా అతనికి మొదటి వారమే చెప్పారు. ఊరు తెలియకపోతే ఏం రాయాలని అతను అడిగితే, "హెడ్‌క్వార్టర్స్" అన్నారు. అతను ఆ మాటను శ్రద్ధగా ప్రోగ్రాంలో పెట్టి, మా ఆఫీసు అక్షాంశ రేఖాంశాలు చేర్చి, ఆ సంగతి ఎవరికీ గుర్తుచేయకుండా రైలెక్కాడు. అతని స్థానంలో మేదినీపూర్ నుంచి రోజూ లోకల్లో వచ్చే ఒక అమ్మాయి చేరింది. బెంగాలీ పిల్ల, నన్ను "కాకు" అని పిలిచేది, అంటే బాబాయి. నడుస్తున్న ప్రోగ్రాంను ముట్టుకోవద్దని దాదా ఆమెకు చెప్పారు. ఆమె ముట్టుకోలేదు.

కొంతకాలం అంతా బాగానే సాగింది. గోడ మీద పెద్ద తెర, దాని మీద ప్రపంచ పటం, పటం మీద చుక్కలు. ఎక్కువ కంప్యూటర్లు ఉన్నచోట చుక్క పెద్దదవుతుంది. చిరునామా చూసి ఊరు చెప్పే పనికి మేము వేరే కంపెనీ సేవను వాడుకునేవాళ్ళం. ఖర్చు తగ్గించమని కోల్‌కతా వాళ్ళు చౌకరకం సేవకు మార్చారు. ఆ చౌక సేవకు చాలా ఊళ్ళు తెలియవు. ఆ సంగతి మాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? మా పట్టికలో ఖాళీ గడి ఒక్కటీ లేదు. దాదా దానిని చూసి సంతోషించి, సేవ చౌకైనా నాణ్యమైనదని మెచ్చుకుంటూ కోల్‌కతాకు రాశారు కూడా.

అప్పటినుంచి మన దేశపు తూర్పు భాగంలో ఒక చుక్క పెరగడం మొదలుపెట్టింది.

ఒక ఉదయం ఆ అమ్మాయి పటాన్ని దగ్గరకు లాగి చూసింది. బెంగాల్, జిల్లా, ఖరగ్‌పూర్, మలంచా, చివరికి మా మేడ కప్పు, దాని మీద మేమే ఆరేసిన తువ్వాలు. చుక్క సరిగ్గా అక్కడ నిలబడి ఉంది.

దాదా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ ఇంట్లో ఉన్నవి రెండే పార్టీలు. పైన మనం, కింద ఆమె. మనం కాదు."

"మనం ఎందుకు కాదు దాదా?"

"మనం లెక్కపెట్టేవాళ్ళం. టికెట్ కలెక్టరు తన టికెట్ తాను అడుగుతాడా?"

కింద ఉన్నది మా అప్ప, అంటే అక్క. సొంత అప్ప కాదు. వాళ్ళాయన మా తండ్రిగారి దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఆయన పోయిన తరువాత ఆమె ఆ ముందు గది తీసుకుని ఇడ్లీ పిండి, దోస పిండి అమ్మేది. రెండు పెద్ద గ్రైండర్లు, రెండు ఫ్రిజ్జులు, వేడి బయటికి పోవడానికి ఒక ఫ్యాను. మా ఆఫీసుకూ ఆమెకూ ఒక ఒప్పందం ఉండేది. పైన ప్లగ్గులో నిప్పురవ్వలు వస్తాయని మా ఇంటర్నెట్ రూటరును మెట్ల మలుపులో పెట్టి, దానికి కరెంటు ఆమె గోడ ప్లగ్గు నుంచి లాక్కున్నాము. బదులుగా గ్రైండర్ల చప్పుడు గురించి మేము మాట్లాడకూడదు.

ఇప్పుడు దాదా ఆ చప్పుడు గురించే మాట్లాడారు. యంత్రాలు పగలంతా తిరుగుతాయి. వేడి వస్తుంది. కరెంటు బాగా కాలుతుంది. మూత ఉన్న స్టీలు డబ్బాలతో రకరకాల మనుషులు వచ్చి, ఏదో తీసుకుని పోతుంటారు. క్రిప్టో కంప్యూటర్లు నడిపే స్థలాన్ని గుర్తుపట్టడానికి చెప్పే లక్షణాలన్నీ, డబ్బాలు తప్ప, సరిపోయాయి. ఆఫీసులో తెలుగు బాగా వచ్చినవాణ్ణి నేనొక్కడినే గనుక విచారణ నాకు అప్పగించారు.

"నమస్కారం అప్పా. కార్యాలయం తరఫున కొన్ని వివరాలు సేకరించవలసి ఉంది," అన్నాను.

ఆమె పిండిలో చెయ్యి పెట్టినదల్లా తలెత్తి చూసింది. "ఏటి తమ్ముడూ, ఒంట్లో బాగోలేదేటి? అలగ మాటాడతన్నావు."

"ఈ యంత్రాలలో ఏమేమి నడుస్తాయి?"

"మినప్పప్పు నడుస్తాది. బియ్యం నడుస్తాది. శనివారం పెసలు నడుస్తాయి. నా మోకాళ్ళే నడవటం లేదు, అది రాసుకో."

"పగలంతా ఆపకుండా తిప్పుతారు, కారణం?"

"ఆపితే రుబ్బదు గనక."

"ఫోనులో ఎప్పుడూ దూరపు ఊళ్ళతో మాట్లాడుతుంటారని పైన అనుకుంటున్నారు."

"మా సెల్లి సక్రధర్‌పూర్‌లో ఉంది. ఆడబడుసు బిలాస్‌పూర్‌లో ఉంది. కోడలి వోళ్ళది ఇశాపట్నం. రైలు ఎక్కడికెల్తే మనోళ్ళూ అక్కడికే ఎల్లినారు గదా. మీ దాదాకి సుట్టాల్లేరేటి?"

క్రిప్టోకరెన్సీ అంటే ఏమిటో నాకు తెలిసినంతవరకు వివరించాను. చేతితో పట్టుకోలేని డబ్బు అనీ, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు దాని లెక్క చూస్తుంటాయనీ చెప్పాను. ఆమె చెయ్యి తుడుచుకుని శ్రద్ధగా విన్నది.

"అంటే కనబడదు, సేతికి రాదు, కానీ ఉందంటారు."

"అవును."

"మా సిన్నోడి రైల్వే ఉద్యోగం లాగ."

తన వద్ద అటువంటి కంప్యూటర్లు లేవని ఆమె చెప్పినట్టు రాసి, పైకి తీసుకెళ్ళి ఇచ్చాను. దాదా చదివి తల పంకించారు. "లేవని చెప్పింది. ఉన్నవాళ్ళు కూడా ఇదే చెబుతారు మోశాయ్," అని, దానిని రుజువుల కింద చేర్చారు.

బాధ్యత గల మనిషి గనుక ఇంటి యజమానికి కూడా కబురు చేశారు. యజమానిది గోల్‌బజార్‌లో బట్టల కొట్టు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఆయన స్కూటరు దిగకుండానే మాట్లాడే మనిషి. ఆరోజు దిగి, అప్ప కొట్టులోకి వచ్చి, పిండి డబ్బాలను ఒక్కొక్కటిగా వేలితో కొట్టి చప్పుడు విన్నాడు.

"ఇదేం తలనొప్పండీ," అన్నాడు నాతో. "మా నాన్నగారు కట్టిన ఇల్లండి. ప్రపంచంలో వాళ్ళందరూ వచ్చి ఇందులో చేరిపోయారంటే, రేపు పోలీసులొస్తే నేనేం చెప్పాలండి?" తరువాత అప్ప వైపు తిరిగి, "నెలాఖరుకి ఖాళీ చేసెయ్యమ్మా," అన్నాడు.

"పైనోళ్ళని సేయించవేటి?"

"వాళ్ళది ఆఫీసమ్మా. బోర్డుంది."

"నాకూ ఉంది బోర్డు. మూడు బాసల్లో రాయించినాను."

యజమాని బయటికి వెళ్ళి మూడు భాషల బోర్డునూ చూసి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. నేను మెట్లెక్కుతుంటే అప్ప వెనకనుంచి పిలిచింది. అప్పుడామె గొంతులో వేళాకోళం లేదు.

"తమ్ముడూ, ఈ రాళ్ళు సూసినావా? నేల తవ్వి సిమెంటేసి బిగించినాను. పీకితే ఇరిగిపోతాయి. మల్లా ఎక్కడ పాతను, ఎవులు పాతనిస్తారు? నీ సదువు నా కోసరం ఒక్కసారి వాడు."

చదువుకు ఇంత స్పష్టమైన ఉత్తర్వు నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

మరునాడు దాదాకు ఒక ప్రతిపాదన సమర్పించాను. లైనులో లోపం ఎక్కడుందో తెలియనప్పుడు, ఒక్కొక్క భాగానికి కరెంటు ఆపి చూడడం రైల్వే పద్ధతి. అలాగే కింది గదికి కరెంటు ఆపి పటం చూద్దాం. చుక్క తగ్గితే ఆమెది తప్పు. తగ్గకపోతే ఆమెను వదిలేయాలి. పద్ధతి ప్రకారం ఉన్నది గనుక దాదా వెంటనే ఒప్పుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది. పిండి రుబ్బడం ఆగినంత మాత్రాన ప్రపంచం తగ్గదు కదా అనుకున్నాను.

ఆ రోజు యజమాని కింద మెయిన్ స్విచ్చి దగ్గర నిలబడ్డాడు. పై అంతస్తు కంప్యూటర్లు ఇన్వర్టరు మీద ఉన్నాయి. ఆ అమ్మాయి తెర ముందు కూర్చుంది. తన మీద జరిగే విచారణ తానే చూస్తానని అప్ప కూడా మెట్లెక్కి వచ్చి, పిండి చేతిని గోడకు తగలకుండా ఎత్తి పట్టుకుని నిలబడింది. దాదా తన పాత సర్వీసు రోజుల జెండాలు రెండూ ఇంటినుంచి తెచ్చారు. కిటికీలోంచి పచ్చ జెండా చాపారు.

కింద ఏమీ జరగలేదు.

"ఏవండీ," అని యజమాని గొంతు వినిపించింది. "ఆపడానికి ఎర్రది కదండీ ఊపాలి?"

"పని మొదలుపెట్టడానికి పచ్చ," అన్నారు దాదా.

"మొదలుపెట్టే పని ఆపడమే కదండీ."

దాదా ఒక నిమిషం ఆలోచించి రెండు జెండాలూ ఊపారు. స్విచ్చి పడింది. గ్రైండర్లు ఆగాయి. మలంచా రోడ్డు మీద టోటోల, అంటే బ్యాటరీ రిక్షాల, హారన్లు ఆ ఆఫీసులో మొదటిసారి విన్నాను.

మేమంతా తెర వైపు చూస్తున్నాము. మా ప్రోగ్రాం విరామం లేకుండా ఒక్కొక్క ఖండాన్నే తీసుకుని, ప్రతి చిరునామా ఊరినీ మళ్ళీ సరిచూస్తుంది. ముందు దక్షిణ అమెరికా చుక్కలు మాయమయ్యాయి. తరువాత కెనడా. తరువాత ఐరోపా అంతా దీపాలార్పినట్టు నల్లబడింది. మలంచా మీది ఎర్ర చుక్క మాత్రం పెరిగి, ఖరగ్‌పూర్‌ను కప్పి, జిల్లాను కప్పి, ఒడిశాలోకి వెళ్ళింది. జపాన్ చివరిదాకా నిలబడి చూసింది గాని, అదీ వచ్చేసింది.

దాదా నెమ్మదిగా లేచి నిలబడి చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. "ఎషే గేఛే," అన్నారు తనలో తాను. వచ్చేశారు అని.

"ఎవులు?" అంది అప్ప.

"ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ అప్పా. మన ఇంట్లో ఉన్నట్టు చూపిస్తోంది."

ఆమె తెరను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇంతమందొస్తే పిండి సాలదు," అంది.

"తగ్గాయాండీ?" అని కిందినుంచి కేక.

నేను కిటికీలోంచి తల బయట పెట్టి, "పెరిగాయి," అన్నాను.

"ఎన్నండీ?"

"అన్నీ."

యజమాని స్కూటరు మీద కూర్చుండిపోయాడు. స్విచ్చి మళ్ళీ వేయమంటే వేయనన్నాడు. ఆపితేనే ఇంతమంది వస్తే, వేస్తే ఏమవుతుందోనని ఆయన భయం. సగం రుబ్బిన మినప్పప్పు రాతిలోనే పాడైపోతుందని అప్ప అందరినీ తోసుకుని కిందికి దిగి, తన చేత్తోనే స్విచ్చి పైకెత్తింది. గ్రైండర్లు తిరిగాయి. కొంతసేపటికి దక్షిణ అమెరికా తిరిగి వచ్చింది. తరువాత కెనడా, ఐరోపా, ఎవరి చోటికి వారు.

దానితో నా ప్రతిపాదన పూర్తిగా తలకిందులైంది. యజమాని మెట్లెక్కి వచ్చి మాతో రహస్యంగా అన్నాడు. "ఆవిడ మిషను ఆగితే వచ్చారండి. ఆవిడ చేత్తో స్విచ్చి వేస్తే వెళ్ళిపోయారండి. ఇంకేం రుజువు కావాలండి?" దాదా కూడా అదే అన్నారు. కింది గదిని అనుమానించిన మేము ఆమెను చాలా తక్కువ అంచనా వేశామని ఆయన అభిప్రాయం.

ఆ అమ్మాయి మాత్రం నన్ను మెట్ల మలుపు దగ్గరకు పిలిచింది. అక్కడ మా రూటరు దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి.

"కాకు, కింద కరెంటు పోయినప్పుడు ఇది కూడా ఆగిపోయింది. మనకు ఇంటర్నెట్ లేదు. ఏ ఊరని అడిగితే చెప్పేవాళ్ళు లేరు."

"చెప్పేవాళ్ళు లేకపోతే ఊళ్ళన్నీ ఖాళీగా ఉండాలి కదా అమ్మా. మలంచా ఎందుకు వచ్చింది?"

ఆమె వెళ్ళి, ముట్టుకోవద్దన్న ప్రోగ్రాంను మొదటిసారి తెరిచింది. ఊరు తెలియకపోతే హెడ్‌క్వార్టర్స్ అని రాయి. ఒక్క వరుస. నాకు ఖరగ్‌పూర్ యార్డు, ఎండలో పట్టాలు, ఎన్నడూ అక్కడికి రాని వేల వ్యాగన్లు కళ్ళముందు నిలిచాయి.

దాదాకు చూపించాము. ఆయన ఆ వరుసను రెండుసార్లు చదివారు. సిగ్గుపడతారనుకున్నాను. ఆయన ముఖంలో తృప్తి కనబడింది.

"అంటే నియమం పనిచేసింది."

"పనిచేసింది దాదా. కానీ అక్కడ 'తెలియదు' అని రాస్తే సరిపోయేది."

"ఎవరికి తెలియదు? మనకా? మనకు తెలియదని చెప్పడానికా వాళ్ళు మనకు పని ఇచ్చింది?"

దీనికి జవాబు దొరుకుతుందేమో ఈనాటి పిల్లలు ప్రయత్నించి చూడవచ్చు. ఎదురుగా అధికారి ఉన్నప్పుడు ప్రయత్నించాలి.

యజమానికి వివరిస్తే ఆయన వినలేదు. పటంలో తన ఇంటి మీద చుక్క ఉన్నంతకాలం అప్ప ఉండడానికి వీల్లేదన్నాడు. దాదా గడి ఖాళీగా పంపడానికి ఒప్పుకోరు. కాబట్టి తెలియని కంప్యూటర్లను ఇంకెక్కడ ఉంచాలన్నది ప్రశ్న అయింది. అప్ప మెట్ల మీద కూర్చుని ఈ చర్చ విన్నది.

"పక్కింట్లో రాసుకోండి," అంది. "ఆయమ్మ నా ఇత్తడి గిన్ని పట్టికెల్లి మల్లా తేలేదు."

దాదా ఈ సూచనను పరిశీలించారు. చెప్పడానికి నాకు ఇబ్బందిగా ఉంది గాని, చాలాసేపే పరిశీలించారు. తరువాత యార్డు అనుకున్నాము. అది కేంద్ర ప్రభుత్వానిది, విచారణ వస్తుంది. చివరికి ఆ అమ్మాయి విసుగుతో, "ఎవరూ లేని చోటు కావాలంటే సముద్రమే," అంది.

దాదా ముఖం విప్పారింది. బంగాళాఖాతం మా దక్షిణం వైపే ఉన్నది, ఎవరి ఇల్లూ కాదు. ఆ రోజే మార్చారు. యజమాని వచ్చి తెర చూశాడు. మలంచా శుభ్రంగా ఉంది. నీళ్ళ మధ్య పెద్ద ఎర్ర చుక్క.

"సముద్రంలోనాండీ? మన ఇంటికి ఎంత దూరం?"

"చాలా దూరం."

"అయితే ఉండమనండి," అని వెళ్ళిపోయాడు.

నివేదిక కింద, ఈ కంప్యూటర్లు ఎక్కడున్నదీ తెలియదని చిన్న అక్షరాలలో ఒక వాక్యం చేర్చి సంతకం చేశాను. చిన్న అక్షరాలు ఎవరూ చదవరు. కోల్‌కతా నుంచి ఉత్సాహంతో జవాబు వచ్చింది. సముద్రం మధ్యలో అంత పెద్ద సమూహం ఉండడం చాలా ఆసక్తికరం అనీ, కనీసం ఒడ్డునుంచైనా ఒక మనిషి చూసి ధ్రువపరచాలనీ రాశారు. ఒక పత్రం కూడా పంపారు. అందులో ఒకే ప్రశ్న, దాని ఎదురుగా ఒకే గడి: చెప్పిన చోట కంప్యూటర్లు ఉన్నాయా?

"వెళ్ళి రండి మోశాయ్," అన్నారు దాదా. "ధ్రువపడకపోతే మాత్రం నేను చేయగలిగింది లేదు. పాత చోటికే తిప్పి రాయాలి."

బస్సులో దీఘా వెళ్ళాను. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పత్రం సంచిలో పెట్టుకుని, గొడుగు వేసుకుని ఒడ్డున నిలబడ్డాను. పిల్లలు అలల్లో గంతులేస్తున్నారు. కొబ్బరిబోండాలమ్మే అతను నన్ను కొంతసేపు గమనించి, ఏం చూస్తున్నారని బెంగాలీలో అడిగాడు.

"కంప్యూటర్లు," అన్నాను. ప్రభుత్వోద్యోగం చేసినవాణ్ణి. అడిగినదానికి సూటిగా జవాబివ్వడం అలవాటు.

అతను కూడా సముద్రం వైపు చూశాడు. "ఇప్పుడు సీజను కాదు కాకు," అన్నాడు.

బోండాం తాగి, బల్ల మీద కూర్చుని పత్రం తెరిచాను. ఉన్నాయని రాస్తే అబద్ధం. లేవని రాస్తే, అవన్నీ సాయంత్రానికల్లా మలంచాలో అప్ప గదిలోకి తిరిగి వస్తాయి. పైగా లేవని మాత్రం నాకెలా తెలుసు? సముద్రంలో నేను చూసింది ఒడ్డు పక్కన కొంచెం. తెలియని సంగతి తెలియనట్టుగా ఉంచడానికి ఆ పత్రంలో ఒకటే చోటు ఉంది, ఆ గడి. మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి. బడిలో చేరిన నాటినుంచి నా ముందు పెట్టిన ఏ గడినీ నేను నింపకుండా ఇవ్వలేదు. కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి కింద సంతకం మాత్రం చేసి మడిచాను.

తిరిగి వచ్చేసరికి అప్ప గుమ్మంలో ఉంది. "ఏటైనా దొరికిందా తమ్ముడూ?"

"లేదప్పా."

"దీఘా ఎల్లి సేపలు కూడా తేలేదేటి? ఉట్టి సేతుల్తో వచ్చినావా?" అంది. అని, నా సంచి వైపు చూసింది. అందులో ఏముందో అడగలేదు.

పైకి వెళ్ళి పత్రం దాదా బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చూశారు.

"ఇక్కడ ఖాళీగా ఉంది."

"అవును దాదా."

"మరచిపోయారా?"

"లేదు దాదా."

ఆయన చెయ్యి దానంతట అదే జేబులోని కలం మీదికి వెళ్ళింది. నలభై ఏళ్ళ అలవాటు అది, ఆయనను నేను తప్పుపట్టను. మూత తీసి, కలం ఆ గడి మీదికి తెచ్చారు. ఆయన ఏం రాయబోతున్నారో నాకు తెలుసు: పాత చోటే, హెడ్‌క్వార్టర్స్. నేను ఆ గడి మీద నా అరచెయ్యి పెట్టాను. నా సర్వీసులో ఒక అధికారి కలానికి అడ్డం వెళ్ళడం అదొక్కటే.

ఆయన నా చెయ్యి వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నేల కిందినుంచి గ్రైండర్లు తిరుగుతున్న చప్పుడు, బల్ల కాళ్ళ మీదుగా, ఆ కాగితం మీదికి సన్నగా వస్తోంది. ఆయన కూడా విన్నారనుకుంటాను. కలం కొంతసేపు గాలిలో ఆగింది. తరువాత మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"సంతకం ఉంది కదా," అన్నారు. "పంపండి."

పత్రం అలాగే కోల్‌కతా వెళ్ళింది. పని బాగుందని వాళ్ళు దాదాకు ఉత్తరం రాశారు. ఖాళీగా ఉన్న ఆ గడి గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. చుక్క సముద్రంలోనే ఉంది. అప్ప ఇప్పటికీ అక్కడే రుబ్బుతోంది. శనివారం పెసలు.